నాకు సీనియర్

మా బడికి పోవాలంటే పూతలపట్టు దాటాక మెయిన్ రోడ్డు మీద బస్సు దిగి కిలోమీటరున్నర లోపలికి నడవాలి. నేను తిరుపతి నుంచి రోజూ వస్తాను. పొద్దున నేను స్టాఫ్ రూములో అడుగు పెట్టగానే ఒకాయన కుర్చీలోంచి లేచి నిలబడతారు. ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. నాకు ముప్పై మూడు.

మొదటి వారంలోనే చెప్పాను, "సార్, మీరు నన్ను చూసి లేవొద్దండి, నాకు ఎట్లనో ఉంది" అని. "అదేం మాట మేడమ్, మీరు నాకంటే సీనియర్ గదా" అన్నారు. ఎగతాళిగా అనలేదు. మనస్ఫూర్తిగానే అన్నారు. ఆ రోజు బస్సులో తిరుపతి చేరేదాకా ఆ మాటే మనసులో మెదులుతూ ఉండింది.

నాది 2018 డీఎస్సీ, అంటే గవర్నమెంటు టీచరు పోస్టులకు పెట్టే పరీక్ష. సార్‌ది 1998. పరీక్ష ముందు రాసినాయన ఉద్యోగంలోకి నా తర్వాత వచ్చారు. 1998లో క్వాలిఫై అయ్యి కూడా ఉద్యోగం రాక ఆగిపోయినవాళ్ళకు పాతికేళ్ళ తర్వాత, 2023లో, మినిమం టైమ్ స్కేలు మీద, అంటే ఆ పోస్టుకుండే కనీస జీతం మీద, కాంట్రాక్టు పద్ధతిలో ఎస్జీటీలుగా (సెకండరీ గ్రేడ్ టీచర్లుగా) పోస్టింగులు ఇచ్చారు. ఈ పాతికేళ్ళూ సార్ ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పుకుంటూ, సెలవుల్లో చెనక్కాయ చేను చూసుకుంటూ గడిపారు. "నేను ఆ పరీక్ష రాసిన ఏడు మీరు ఏ క్లాసు మేడమ్?" అని ఒకసారి అడిగారు. లెక్క వేసుకుని "ఒకటో తరగతి సార్" అన్నాను. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

స్టాఫ్ హాజరు రిజిస్టరు చూస్తే ఎవరు ఎవరికి సీనియరో తెలిసిపోతుంది. ఇప్పుడు ఫోన్లో ముఖం చూపించి యాప్‌లో హాజరు వేస్తున్నాం కానీ, మా బడిలో ఆ పొడవాటి పుస్తకం ఇంకా ఉంది. పైన హెచ్‌ఎం మేడమ్, కింద ఎస్జీటీలు. ఎస్జీటీల్లో ముందు చేరినవాళ్ళు ముందు. ఒకే డీఎస్సీలో వచ్చినవాళ్ళయితే మెరిట్ ర్యాంకును బట్టి. చివరి గీత మీద సార్ పేరు. ఆయన సంతకం గుండ్రంగా, అచ్చు వేసినట్టు ఉంటుంది. పేజీ మొత్తంలో అంత చక్కని చేతిరాత ఇంకొకటి లేదు.

మన 'పెద్ద' అనే మాట ఉండగా ఈ 'సీనియర్' ఎందుకు కావాల్సి వచ్చిందని ఆలోచించాను. 'పెద్ద' ఎన్నో పనులు చేస్తుంది. పెద్ద కొడుకంటే వయసు, పెద్ద ఇల్లంటే కొలత, పెద్ద సారంటే హోదా, పెద్ద మనసంటే గుణం. మా జేజి కాలంలో ఇవన్నీ ఒకే మనిషిలో ఉండేవి. వయసులో పెద్దాయనే ఇంటికీ ఊరికీ పెద్ద. గవర్నమెంటు ఉద్యోగాలు వచ్చాక వయసు ఒక పక్క, చేరిన తేదీ ఇంకో పక్క అయిపోయాయి. నలభై ఏళ్ళ ఆఫీసరు కింద యాభై ఏళ్ళ గుమాస్తా పని చేయాల్సి వచ్చింది. ఆ గుమాస్తా ముందు ఆఫీసర్ని 'పెద్ద' అనడానికి నోరు రాదు. సీనియర్ అంటే ఎవరికీ నొప్పి ఉండదు. అందుకే ఈ మాట మనకు ఇంతగా అలవాటైందని నేను అనుకుంటున్నాను.

అలవాటయ్యాక ఊరుకుందా? ఇంటర్ రెండో ఏడు సీనియర్ ఇంటర్ అయింది. ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు మీద సీనియర్ అసిస్టెంటు వచ్చాడు. మనవడు సినిమాల్లోకి రాగానే తాత సీనియర్ ఎన్టీఆర్ అయ్యారు. ఆర్టీసీ బస్సులో అరవై దాటితే సీనియర్ సిటిజన్, టికెట్టులో పాతిక శాతం తగ్గుతుంది. మా నాయన్ను మొదటిసారి కండక్టరు "సీనియర్ సిటిజనా సార్?" అని అడిగితే, ఆధార్ కార్డు జేబులోనే ఉన్నా తీయకుండా ఫుల్ టికెట్ తీసుకున్నాడు. ఇప్పుడైతే కండక్టరు అడగకముందే తీసి చూపిస్తాడు. ఇంకో రెండేళ్ళకు మా సార్ కూడా బస్సులో సీనియర్ సిటిజన్. బడిలో మాత్రం అందరికన్నా జూనియర్.

నేను కార్వేటినగరం డైట్‌లో, అంటే టీచర్ ట్రైనింగ్ కాలేజీలో, ట్రైనింగ్ చేశాను. అక్కడ ఒకసారి ఇంగ్లీషు రికార్డులో 'సీనియర్ దాన్ మీ' అని రాస్తే మా లెక్చరర్ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి 'టు' అని దిద్దారు. సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్, ఇవి నాలుగూ లాటిన్ నుంచి తరతమ రూపంలోనే వచ్చాయట. 'ఇంకొంచెం' అనే అర్థం వాటి లోపలే ఉంటుంది, కాబట్టి పక్కన మళ్ళీ 'దాన్' అక్కర్లేదు. అప్పుడు బట్టీ పట్టి ఊరుకున్నాను. ఇప్పుడు తెలుగులో మనం ఎట్ల అంటామో గమనిస్తుంటే భలే అనిపిస్తోంది. 'నాకంటే సీనియర్' అంటాం, 'నాకు సీనియర్' అని కూడా అంటాం. రెండూ ఒప్పే. కానీ రెండూ ఒకటి కావు. 'నాకంటే' అన్నప్పుడు ఇద్దరినీ పక్కపక్కన పెట్టి కొలుస్తున్నాం. 'నాకు' అన్నప్పుడు నాకు అన్న, నాకు మేనమామ అన్నట్టు వరస కలుపుతున్నాం. ఎవర్నైనా 'మా సీనియర్' అంటామే గానీ 'నా సీనియర్' అనడం తక్కువ. అదీ 'మా అన్న' లాంటిదే.

డైట్‌లో సీనియర్లను మేం అక్క అనే పిలిచేవాళ్ళం. హాస్టల్లో నాకు జ్వరం వస్తే గంజి కాచి తెచ్చింది ఒక సీనియర్ అక్క. టీచింగ్ ప్రాక్టీసుకు పోయే ముందు రోజు రాత్రి కూర్చోబెట్టి లెసన్ ప్లాన్ రాయించింది కూడా ఆమే. ఆమె నాకు ఒక్క ఏడాదే పెద్ద. రిజిస్టర్లో చూస్తే అది ఒక గీత తేడా, అంతే.

ఇంకో సంగతి తెలిసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. లాటిన్‌లో 'సెనెక్స్' అంటే ముసలాయన. 'సీనియర్' అంటే అంతకంటే వయసైనవాడు. ఆ సీనియరే ఫ్రెంచిలో నలిగి 'సైర్' అయ్యి, ఇంగ్లీషులో 'సర్' అయింది. అంటే మనం రోజుకు వందసార్లు అనే 'సార్' కూడా ఆ మాట తాలూకే. ఆయన నన్ను సీనియర్ అంటూ లేచి నిలబడుతుంటే, నేను "కూర్చోండి సార్" అంటూ ఆ మాటనే ఆయనకు తిరిగి ఇస్తున్నాను, తెలియకుండానే.

యాప్‌లు, ఆన్‌లైన్ ఎంట్రీలు ఆయనకు నేనే నేర్పించాను. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఒకటి చెబుతాను. నా మూడో తరగతిలో ఒక పాప బ, భ రెండూ ఒకేలా పలికేది. నెల రోజులు గొంతు పోయేలా చెప్పాను, రాలేదు. సార్ ఒకరోజు తలుపు దగ్గర నిలబడి చూసి, లోపలికి వచ్చి, నోటుబుక్కు చివరి కాగితంలోంచి వేలంత ముక్క చింపి ఆ పాప పెదాల ముందు పట్టుకున్నారు. "బ అను తల్లీ." కాగితం కదల్లేదు. తర్వాత తన నోటి ముందు పెట్టుకుని 'భ' అన్నారు. కాగితం రెపరెపలాడింది. పాప కళ్ళు పెద్దవయ్యాయి. నాలుగోసారికి తన కాగితమూ ఎగిరింది. భూమి, భోజనం, భయం అంటూ క్లాసంతా కాగితం ముక్కలు ఊదుకుంటూ కూర్చుంది. మరుసటి వారం ఇంగ్లీషు 'పెన్'లో మొదటి శబ్దాన్ని గాలితో పలికించడానికి నేను అదే ముక్క వాడుకున్నాను. ఇది నాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

పిల్లలు ఆయన్ను 'పెద్ద సారు' అంటారు. బడిలో ఆ మాట హెచ్‌ఎంకు చెందాలి. మా హెచ్‌ఎం మేడమ్ విన్నారు, నవ్వి ఊరుకున్నారు. ఆమె అంటే నాకు ఆ రోజు నుంచి ఇంకొంచెం గౌరవం పెరిగింది.

2025 అక్టోబరులో మెగా డీఎస్సీ వాళ్ళు చేరారు. మా బడికీ ఒక అమ్మాయి వచ్చింది, ఇరవై నాలుగేళ్ళు. ఆ రోజు మేడమ్ సెలవు, ఇంచార్జి నేను. రిజిస్టర్లో ఆ అమ్మాయి పేరు రాయాలి. రెగ్యులర్ వాళ్ళ తర్వాతే కాంట్రాక్టు వాళ్ళు. స్కేలు పెట్టి గీత గీసి, నా పేరు కింద ఆ అమ్మాయి పేరు రాసి, సార్ పేరు ఇంకో గీత కిందికి దింపాను. రాసింది నా చెయ్యే. మధ్యాహ్నం అన్నం సయించలేదు.

ఆ అమ్మాయి సంతకం పెట్టి, "ఇక్కడ సీనియర్ మీరేనా మేడమ్?" అని అడిగింది.

"అక్కా అను చాలు. రిజిస్టర్లో అయితే నేనే. నాకు సీనియర్ సారు, కిటికీ పక్కన కూర్చున్నారే, ఆయన. పద, పరిచయం చేస్తాను."

ఆ అమ్మాయి దగ్గరికి పోయి "నమస్తే సార్" అంది. ఆయన దిద్దుతున్న నోటుబుక్కు పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి, లేచి నిలబడ్డారు.