డీ నది ఒడ్డున బ్లూ చార్మ్

స్కాట్లండ్‌లోని అబర్డీన్ నుంచి డీ నది వెంట పైకి వెళ్తే వచ్చే ఒక కేర్ హోమ్‌లో నా ఉద్యోగం. పన్నెండు గంటల షిఫ్ట్. స్నానాలు, మందులు, పక్క బట్టలు, మళ్లీ అన్నిటికీ కంప్యూటర్లో నోట్స్. అక్కడున్న పెద్దవాళ్లలో ఒకాయన గిల్లీగా పనిచేసి రిటైరయ్యారు. అంటే సాల్మన్ చేపలు పట్టడానికి వచ్చేవాళ్ల వెంట ఉండి, ఎక్కడ నిలబడాలో, ఏ ఫ్లై (గాలానికి ఈకలు, దారాలు చుట్టి చేసే ఎర) వేయాలో చెప్పే మనిషి. ఇక్కడ ఎంత పెద్దవాళ్లనైనా పేరుతోనే పిలవాలి. నేను మాత్రం మనసులో తాత అనే అనుకుంటాను.

చేతులు వణుకుతున్నా ఆయనకు ఫ్లైలు కట్టే సరదా పోలేదు. రోజంతా లేవండి, తిరగండి, మింగండి అని నేను చెప్తాను. టీ అయ్యాక ఒక గంట మాత్రం ఆయన చెప్తే నేను కడతాను. గాలాలు కాబట్టి దీనికీ రిస్క్ అసెస్‌మెంట్ ఉంది. డబ్బా తీసేటప్పుడొక లెక్క, తాళం వేసేటప్పుడొక లెక్క.

మేం కట్టేది బ్లూ చార్మ్ అనే ఫ్లై. గాలాన్ని వైస్‌లో (కదలకుండా పట్టి ఉంచే చిన్న పనిముట్టు) బిగించి, నల్లదారం చుడుతూ వంపు దాకా వెళ్లాలి. అక్కడ గోల్డెన్ ఫెజంట్ అనే పక్షి తలమీది పసుపు కుచ్చులోంచి ఒక ఈక, అదే తోక. ఒంటికి నల్ల ఫ్లాస్ (పట్టులాంటి మెత్తని దారం), దానిమీద ఎడంగా సన్నని వెండి టిన్సెల్ (జరీ లాంటి తీగ). గొంతు కింద నీలం హ్యాకిల్, అంటే ఈక పోగులు. రెక్కకు పూర్వం బాతు ఈకలు వాడేవారు, మేం ఉడుత తోక వెంట్రుకలు పెడతాం. చివర తల కట్టి వార్నిష్ చుక్క.

కష్టమంతా తక్కువ పెట్టడంలోనే ఉంది. చిటికెడు వెంట్రుకలు తీసి చూపిస్తే "సగం" అంటారు. సగం తీసేస్తే మళ్లీ "సగం". రెక్క పలచగా ఉంటేనే ప్రవాహంలో సరిగా కదులుతుందట. గాలం కన్ను (తాడు కట్టే రంధ్రం) దగ్గర ముందే జాగా వదలకపోతే తల బఠాణీ గింజంత అవుతుంది.

జాక్ స్కాట్ లాంటి విక్టోరియా కాలం ఫ్లైలకు ఎన్ని పక్షుల ఈకలో! అవి గోడకు తగిలించుకోవడానికే బాగుంటాయని తాత వెటకారం. ఈ నదిమీదే, కెయిర్న్‌టన్‌లో, ఆర్థర్ వుడ్ అనే సాల్మన్ వేటగాడు 1920ల్లో కొద్దిపాటి సాదా ఫ్లైలతోనే వందల చేపలు పట్టాడు. ఏ ఫ్లై అన్నదానికన్నా ఎంత సైజు అన్నదే ముఖ్యమనేవాడు. అసలు సముద్రం నుంచి నదిలోకి వచ్చాక సాల్మన్ తిండే తినదు. మరి ఫ్లైని ఎందుకు పట్టుకుంటుందంటే కోపమని కొందరు, పాత అలవాటని కొందరు.

పట్టినదాన్ని ఇంటికి తీసుకెళ్లరు, డీలో వదిలేస్తారు. బ్రిటన్ సాల్మన్ 2023లో అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాకెక్కింది. అందుకే చేప నోట్లోంచి సులువుగా ఊడేలా గాలం మొన దగ్గరి ఎదురు ముల్లు నొక్కేశాకే కట్టడం మొదలుపెడతాం. స్కాట్లండ్‌లో ఆదివారం సాల్మన్ పట్టడం నేరం కాబట్టి ఆయన మనవడు శనివారాలే నదికి వెళ్తూ వచ్చి ఫ్లైలు పట్టుకెళ్తాడు.

ఒకరోజు నోట్స్‌లో "మధ్యాహ్నం బ్లూ చార్మ్ రెండు" అని రాస్తే, నైట్ షిఫ్ట్ నర్సు అదేదో కొత్త మాత్ర అనుకుని మందుల చార్టంతా వెతికిందట.

అక్టోబర్ 15తో సీజన్ అయిపోతుంది. నీళ్లు తగ్గాయి, చిన్న సైజువి కావాలని మనవడి ఆర్డర్. తర్వాత స్టోట్స్ టెయిల్ అనే ఇంకో ఫ్లై, అది ఇంకా సులువు, దాదాపు అంతా నలుపే. నేను కట్టే తలలు ఇంకాస్త సన్నబడేదాకా మాత్రం దాని జోలికి వెళ్లనివ్వరట.