కేసులు లేవా, కబురే రాలేదా?

యుద్ధం జరుగుతున్న చోటు నుంచి వచ్చే వారపు ఆరోగ్య బులెటిన్ చేతికొస్తే నేను ముందు చూసేది కేసులు కాదు, ఎన్ని ఆసుపత్రులు రిపోర్టు పంపాయన్నది. కేసు లేకపోతే సున్నా అని రాసి పంపాలి, గడి ఖాళీగా వదలకూడదు. ఎందుకంటే ఖాళీ గడి అంటే జబ్బు లేదని కాదు, అక్కడ చూసే మనిషి లేడేమో అని.

సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున ఉన్న దేర్ అజ్‌జోర్ సంగతే తీసుకోండి. 2013 అక్టోబర్‌లో అక్కడ 22 మందికి, ఎక్కువగా చిన్న పిల్లలకే, ఉన్నట్టుండి కాళ్లూ చేతులూ చచ్చుబడ్డాయని కబురొచ్చింది. నెలాఖరుకల్లా వాళ్లలో 10 మందికి పోలియో అని తేలింది. 1999 తర్వాత ఆ దేశంలో పోలియో బయటపడటం అదే మొదలు. పది మందే కదా అనిపిస్తుంది, కానీ వైరస్ సోకిన 200 మందిలో సుమారు ఒకరికే పక్షవాతం వస్తుంది, మిగతావాళ్లు మామూలుగా తిరుగుతూనే దాన్ని అంటిస్తుంటారు, కాబట్టి ఆ పది మంది వెనక దాదాపు రెండు వేల మంది ఉన్నట్టే. టీకాలు అందిన పిల్లలు 2010లో 91 శాతం ఉంటే, 2012కి 68 శాతానికి పడిపోయారు.

పోలియోని పట్టుకునే పద్ధతి కాగితం మీద చాలా మామూలుగా ఉంటుంది. 15 ఏళ్లలోపు పిల్లలకు ఒక్కసారిగా కాలో చెయ్యో పట్టు తప్పితే, 14 రోజుల్లోపు, కనీసం 24 గంటల తేడాతో రెండుసార్లు మలం శాంపిల్ తీసి, ఐస్ ప్యాక్‌ల మధ్య పెట్టి ల్యాబ్‌కి పంపాలి. 8 డిగ్రీలు దాటకూడదు. కరెంటు లేని ఊళ్లో ఐస్ ఎక్కడ? చెక్‌పోస్టు దగ్గర ఆ డబ్బా తెరవమంటే? ప్రభుత్వం చేతిలో లేని ప్రాంతాల్లో స్థానిక డాక్టర్లు, ఆరోగ్య కార్యకర్తలు విడిగా ఒక నెట్‌వర్క్ కట్టుకుని, శాంపిల్స్‌ని సరిహద్దు దాటించి టర్కీకి పంపారు. ఆ ధైర్యానికి నేను చేతులెత్తి మొక్కుతాను.

ఇంకో మాట. పోలియో అసలే లేని చోట కూడా వేరే కారణాలతో ఇలా చచ్చుబడే పిల్లలు ఉంటారు, లక్ష మంది పిల్లలకు ఏడాదికి కనీసం ఒకరైనా కనపడాలి. ఒక్కరూ కనపడలేదంటే, అక్కడ చూసే మనిషే లేడేమోనని నాకు టెన్షన్ పట్టుకుంటుంది.

2014 జనవరి తర్వాత ఆ వైరస్ ఆగింది. 2017లో అదే దేర్ అజ్‌జోర్‌లో, మయాదీన్ జిల్లాలో, చుక్కల టీకాలోని బలహీన వైరస్ మార్పు చెంది, జబ్బు తెచ్చే వైరస్‌గా తలెత్తింది. ఈసారి దేశం మొత్తం మీద 74 మందికి పక్షవాతం వచ్చింది.