వెనక చక్రం కింద రాయి

పదకొండు దాటింది. ఇప్పటికి రెండుసార్లు బాల్కనీలోకి వెళ్లి కిందికి తొంగిచూసొచ్చాను. కారు పెట్టినచోటే ఉంది.

మా వీధి ఎత్తు సంగతి మీకు తెలిసిందే. విశాఖలో దసపల్లా హిల్స్ వైపు ఇళ్లన్నీ ఇంతే, గేటు ముందు బంతి జారితే కింద మలుపులో వెతుక్కోవాలి. ఆదివారం కూరగాయలు దించుతుంటే కారు జానెడు వెనక్కి కదిలింది. హ్యాండ్‌బ్రేకు వేసే ఉంది. చిన్నది డిక్కీ వెనకాలే నిలబడి ఉంది. అత్తయ్య అరిచిన అరుపు, నేను లోపలికి దూకి బ్రేకు తొక్కడం తప్ప ఇంకేమీ గుర్తులేదు.

సోమవారం షెడ్డుకి తీసుకెళ్లాను. లివరు దగ్గర తొడుగు ఊడదీసి, నట్టు నాలుగు చుట్లు బిగించి, "అయిపోయింది మేడమ్" అన్నాడు మెకానిక్కు. మూడొందలు. ఏం చేశావని అడిగితే నాకు చెప్పలేదు, ఈయనకి ఫోన్ చేసి చెప్పాడు! కారు నడిపేది నేను, తీసుకెళ్లింది నేను, డబ్బులిచ్చింది నేను. నా ముందే నిలబడి, "సార్, ఇంక భయం లేదు" అని ఫోన్లో ఆయనకి చెప్పడమేంటి? ఆ మాట నాలుగు రోజులుగా ముల్లులా గుచ్చుకుంటోంది.

నిన్న గాజువాక వెళ్లొచ్చేసరికి మాడు వాసన. ఎడమ వెనక చక్రం దగ్గర చెయ్యి పెడితే పెనం సెగ. కుడివైపు చల్లగానే ఉంది.

ఇవాళ కంచరపాలెంలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. జాకీ ఎత్తి, చక్రం తీసి, దాంతోపాటు తిరిగే డ్రమ్ము ఊడదీసి నన్ను పిలిచి చూపించాడు. లోపలంతా నల్లటి పొడి. డ్రమ్ముని లోపల్నుంచి ఒరుసుకుని ఆపే షూల మీద లైనింగు అరిగి అట్టముక్కంత మిగిలింది. లివరు లాగితే ఆ షూలని కదిపే కేబులు ఎడమవైపుది తొడుగులోపల తుప్పు పట్టింది, లాగితే వెళ్తోంది గానీ వదిలితే వెనక్కి రావడం లేదు. "సముద్రం గాలమ్మా" అన్నాడు. ముందు షూలు డ్రమ్ముకి సర్దుకోవాలట, ఆ తర్వాతే లివరు దగ్గర కేబులు బిగించే నట్టు. అరిగిన షూల మీద కేబులొక్కటీ బిగిస్తే పట్టాల్సినప్పుడు పట్టదు, వదలాల్సినప్పుడు వదలదు.

షూలు, కేబులు మార్చాడు. లివరు పదకొండు టిక్కులు లాగితేగానీ పట్టని బ్రేకు ఆరింటికే పట్టింది. ఎత్తులో ఆపి, న్యూట్రల్లో పెట్టి, కాలు తీసేశాను. కదల్లేదు. ప్రాణం లేచొచ్చింది.

అయినా వచ్చాక రాయి పెట్టాను. అది నాన్న అలవాటు. అరకు వెళ్తుంటే అనంతగిరి ఘాట్‌లో ఇంజను వేడెక్కి ఆగినప్పుడల్లా, బ్రేకు మీద కాలు తీయకుండా "రాయమ్మా, రాయి!" అనేవాడు. అది నా కాళ్ల దగ్గరే ఉండేది. నల్లరాయి, ఒక అంచు టైరు రబ్బరు అంటుకుని నున్నగా మెరిసేది. రెండు చేతులా ఎత్తి పరిగెత్తేదాన్ని. "ఊరికే పెట్టకు, కాలితో తన్ని ఇరికించు" అనేవాడు. బస్సులో జనం కిటికీల్లోంచి చూస్తుంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. నేను కారు కొన్న రోజున డిక్కీలో ఆ రాయి పెట్టబోతే, "ఇప్పటి కార్లకి ఇవెందుకు నాన్నా" అని తీయించేశాను. ఏమీ అనకుండా పట్టుకెళ్లిపోయాడు.

మొదటి మెకానిక్కుని తిడదామనే కూర్చున్నాను. రాస్తుంటే ఇంకోటి గుర్తొచ్చింది. "స్కూలు టైమైపోతోంది, కాస్త బిగించి ఇచ్చెయ్యండి చాలు" అన్నది నేనే. డ్రమ్ము విప్పమని నేను అడగలేదు. విప్పాలని అతను చెప్పి ఉండాల్సింది, అది వేరే మాట. పైగా ఎత్తుకి ముఖం పెట్టి ఆపినప్పుడు ఫస్ట్ గేర్లో, పల్లానికైతే రివర్స్‌లో వదలాలని నాన్న వందసార్లు చెప్పాడు. ఆదివారం నేను న్యూట్రల్లో వదిలాను. ఈయనకి ఫోన్ చేసినందుకు మాత్రం కోపం పోలేదు, పోదు కూడా.

ఇప్పుడు చక్రం కింద ఉన్నది పక్కింటి కట్టుబడి దగ్గర తెచ్చిన రాయి, గుండ్రంగా ఉంది, సరిగ్గా ఇరకలేదు. పొద్దున్నే అమ్మకి ఫోన్ చేసి అడగాలి. పెరట్లో పంపు దగ్గర, బట్టలుతికేచోట ఆ నల్లరాయిని చూసినట్టే గుర్తు.