ఎక్స్ కన్నా మైనస్సే ముంచుతుంది: కమ్యూనిటీ కాలేజీలో బిగినింగ్ ఆల్జీబ్రా

అమెరికా వచ్చాక కమ్యూనిటీ కాలేజీలో నర్సింగో అకౌంటింగో చదువుదామనుకునే మనవాళ్లు చాలామంది, బిగినింగ్ ఆల్జీబ్రా సిలబస్ చూసి "ఇవి హైస్కూల్లో చేసినవే కదా" అనేస్తారు. చేసినవే. అయినా మొదటి పరీక్షలో మార్కులు రాలిపోతాయి. కారణం ఎక్స్ కాదు, మైనస్ గుర్తూ భిన్నాలూ.

ఈ ఒక్క లెక్క చూడండి:

5 − 2(ఎక్స్ − 4) = 3ఎక్స్ − 7

బ్రాకెట్ బయట ఉన్నది 2 కాదు, −2. దాన్ని లోపలి రెండు పదాలతోనూ గుణించాలి. −2ను −4తో గుణిస్తే +8. అప్పుడు 13 − 2ఎక్స్ = 3ఎక్స్ − 7 అవుతుంది. రెండు వైపులా 2ఎక్స్, 7 కలిపితే 20 = 5ఎక్స్, అంటే ఎక్స్ = 4. మొదటి సమీకరణంలో పెట్టి చూస్తే రెండు వైపులా 5 వస్తుంది.

ఆ +8 బదులు −8 వేస్తే జవాబు 4/5 వస్తుంది. భిన్నం కూడా జవాబే కాబట్టి అనుమానం రాదు. ఇంకొందరు ముందే 5లోంచి 2 తీసేసి 3(ఎక్స్ − 4) అని రాస్తారు. అప్పుడు ఎక్స్‌లు రెండు వైపులా కొట్టుకుపోయి −12 = −7 మిగులుతుంది. ఈ కోర్సులో "సాధన లేదు" అన్నది నిజంగా వచ్చే జవాబే కనుక, ధీమాగా అదే రాసేసి పక్క లెక్కకు వెళ్లిపోతారు. అందుకే వచ్చిన విలువను మళ్లీ మొదటి వరుసలో వేసి చూడాలి. సాధన లేదని తేలితే గుణకారాల వరుస ఇంకోసారి చూడాలి.

మనకి బడిలో అబ్బిన "అటు వెళ్తే గుర్తు మారుతుంది" అన్న చిట్కా ఇంకో తంటా. కూడికా తీసివేతల వరకు బానే పనిచేస్తుంది. −2ఎక్స్ = 10 దగ్గర మాత్రం −2 కాస్తా అవతలికి వెళ్తూ +2 అయిపోయి జవాబు 5 అని వస్తుంది. రావాల్సింది −5. రెండు వైపులా −2తో భాగించాం అని ఒక వరుస రాస్తే ఈ గొడవే ఉండదు. పైగా స్టెప్పులకు మార్కులిచ్చే చోట ఆ వరుసకు విలువ ఉంటుంది.

భిన్నాలొస్తే క.సా.గు.తో ప్రతి పదాన్నీ గుణించాలి. ఎక్స్/3 + 1/2 = ఎక్స్/4 + 1 లో 12తో గుణిస్తే 4ఎక్స్ + 6 = 3ఎక్స్ + 12, ఎక్స్ = 6. చివరున్న ఒంటరి 1ని గుణించడం మర్చిపోయారా, −5 వస్తుంది. భిన్నం రూపంలో లేని పదాన్నే చెయ్యి దాటేస్తుంది, ఎప్పుడూ.

క్యాలిక్యులేటర్‌నీ గుడ్డిగా నమ్మొద్దు. ఎక్స్ = −3 అయితే ఎక్స్ వర్గం 9. బ్రాకెట్ లేకుండా మైనస్ 3 కొట్టి వర్గం మీట నొక్కితే చాలా వాటిలో −9 వస్తుంది.

ఇక చేరే సంగతి. కాలిఫోర్నియాలో 2017 నాటి ఏబీ 705 చట్టం వచ్చాక ఇలాంటి పునాది క్లాసులు బాగా తగ్గిపోయాయి. చాలామందిని నేరుగా స్టాటిస్టిక్స్ లాంటి కోర్సులో వేసి, పక్కన సపోర్ట్ క్లాసు పెడతారు. వేరే రాష్ట్రాల్లో, మిమ్మల్ని ఏ స్థాయి క్లాసులో వేయాలో తేల్చే ఆక్యుప్లేసర్ లాంటి ప్లేస్‌మెంట్ పరీక్ష ఉండొచ్చు. దాన్ని ప్రిపేర్ అవకుండా రాస్తే అవసరం లేని సెమిస్టర్ మెడకు చుట్టుకుంటుంది. బిగినింగ్ ఆల్జీబ్రా క్రెడిట్లు సాధారణంగా యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ కావు కూడా. మీ కోర్సుకు ఇది నిజంగా కావాలా అని కౌన్సెలర్‌ని ముందే అడగండి.

పుస్తకం కొనేముందు సిలబస్ చూడండి. ఆన్‌లైన్ హోంవర్క్ సైట్‌లోకి వెళ్లడానికి డబ్బు కట్టి తీసుకునే యాక్సెస్ కోడ్ తప్పనిసరైతే సెకండ్ హ్యాండ్ పుస్తకం ఒక్కటే కొని లాభం లేదు. కోడ్ అక్కర్లేకపోతే, రైస్ యూనివర్సిటీ వాళ్ల ఓపెన్‌స్టాక్స్ సైట్‌లో ఎలిమెంటరీ ఆల్జీబ్రా పుస్తకం ఉచితంగానే దొరుకుతుంది.