హైలైఫ్ వాయించాలంటే ముందు గంట పట్టండి

విశాఖలో హైలైఫ్ (పశ్చిమ ఆఫ్రికాలోని ఘనాలో పుట్టిన డాన్సు సంగీతం) మోజు పడ్డవాళ్ళు చాలామంది నేరుగా గిటార్ అందుకుంటారు. అక్కడే తేడా కొడుతుంది. ఈ సంగీతానికి పుల్లతో కొట్టే ఇనుప గంటే ప్రాణం.

పదహారు మాత్రలు లెక్కపెట్టి 1, 4, 7, 11, 13 మీద గంట కొట్టండి. మనకిది సులువు: తకిట తకిట తకధిమి తక తకధిమి, ప్రతి ముక్క మొదట్లో ఒక దెబ్బ. కాలు మాత్రం 1, 5, 9, 13 మీద పడాలి. నాలుగో మాత్ర దెబ్బ అయిదుకి జారిందా, కాలితో కలిసిపోయి కవాతు బ్యాండైపోతుంది. నిదానంగా పది నిమిషాలు ఇదొక్కటే చేయండి, విసుగొచ్చినా సరే.

గిటార్‌కి బొటనవేలు, చూపుడువేలు చాలు. బొటనవేలు కింది స్వరాలు, చూపుడువేలు పై స్వరాలు. సి, ఎఫ్, జి కార్డులతో (కలిపి మోగించే స్వరాల గుంపులతో) బోలెడు పాటలు నడుస్తాయి.

హైలైఫ్‌లో వినిపించే జాజ్ వాసన ట్రంపెట్, శాక్సఫోన్లది. 1950ల్లో ఘనాలో ట్రంపెట్ వాద్యకారుడు ఈ.టి. మెన్సా నడిపిన టెంపోస్ బ్యాండు ఆ పద్ధతికి పేరు తెచ్చింది. సోలో పొడుగు లాగకండి, ఆడేవాళ్ళు ఆగిపోతారు. బీచ్ రోడ్డు ఉప్పుగాలికి ట్రంపెట్ వాల్వులు పట్టేస్తాయి, వాయించాక తుడిచి నూనె వేయండి.