వికలాంగుల మీద పరిశోధనా? ముందు అంగీకార పత్రం సంగతి చూడండి

యూనివర్సిటీలో వికలాంగుల మీద పరిశోధన మొదలుపెట్టేవాళ్లు ముందుగా చదవాల్సింది 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 6వ సెక్షన్. అర్థమయ్యే పద్ధతిలో వివరించి, వాళ్లు ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఎవరినీ పరిశోధనలో చేర్చకూడదు. ప్రభుత్వం వేసే కమిటీ అనుమతి కూడా ముందే కావాలి. ఆ కమిటీలో కనీసం సగం మంది వికలాంగులో, వికలాంగుల కోసం నమోదైన సంఘాల సభ్యులో అయ్యుండాలి.

చాలామంది తప్పేది అంగీకార పత్రం దగ్గరే. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించి పీడీఎఫ్ పంపేస్తారు. కంటికి చక్కటి తెలుగే. లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. తెర మీదున్నది పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు, అంటే చూపు లేనివాళ్ల ఫోన్లో టాక్‌బ్యాక్, కంప్యూటర్లో ఎన్‌వీడీఏ, ఆ గుర్తులనే చదువుతాయి. ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేసి చూడండి. తెలుగు రాలేదంటే ఆ ఫైలు పనికిరాదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి, అంటే అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ తెలుగుగానే గుర్తించే అక్షరాల్లోకి మార్చినా ఒత్తులు చెదురుతాయి, మళ్లీ ప్రూఫ్ చూడాల్సిందే. యూనికోడ్‌లో ఉన్నదైనా పీడీఎఫ్ చేస్తే ఒక్కోసారి సంయుక్తాక్షరాలు విడిపోతాయి. అందుకే వర్డ్ ఫైలు, దాంతోపాటు అదే పాఠం చదివిన ఆడియో పంపడం మేలు.

బధిరులకు కాగితం చేతికిస్తే సరిపోదు. సంజ్ఞా భాషతో పెరిగినవాళ్లలో చాలామందికి తెలుగు రాత రెండో భాషే, వాళ్లకు వీడియో కావాలి. సమావేశమైతే ఇద్దరు ఇంటర్‌ప్రెటర్లను పెట్టి 20 నిమిషాలకోసారి మార్చాలి. ఒక్కరే గంటసేపు చేస్తే బుర్ర అలిసి మాటలు జారిపోతాయి. ఇంటర్‌ప్రెటర్లను కిటికీకి వీపు పెట్టి నిలబెట్టొద్దు. విశాఖలో సముద్రం వైపు వెలుతురు వెనక నుంచి పడితే ముఖం, చేతులు నల్లగా తప్ప కనిపించవు.

హాలుకు ర్యాంపు 1:12 వాలులో ఉండాలి, అంటే అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. మెట్ల మీద పలక వేస్తే వీల్‌చైర్ వెనక్కి తిరగబడుతుంది. విశాఖ ఉప్పుగాలికి మామూలు ఇనుప రెయిలింగు పెచ్చులు లేచి అరచేతికి గుచ్చుకుంటుంది. ఉప్పుగాలిని బాగా తట్టుకునే 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు వేయించండి, ఖరీదైనా సరే.

గాజువాక నుంచో భీమిలి నుంచో వచ్చేవాళ్లకు రానూపోనూ ఆటో ఖర్చు, తోడు వచ్చినవాళ్ల ఖర్చుతో సహా, ఆ రోజే చేతికివ్వాలి. ప్రశ్నలు మాత్రం తోడు వచ్చినవాళ్లను కాదు, వికలాంగులనే అడగాలి. సదరం సర్టిఫికెట్ (వైకల్యాన్ని ధ్రువీకరించే ప్రభుత్వ పత్రం) ఉన్నవాళ్లనే పిలిస్తే, అది చేతికి రాక తిరుగుతున్నవాళ్లు మీ లెక్కలోకే రారు.

థీసిస్ ముసాయిదా కూడా ఇవే రూపాల్లో పరిశోధనలో పాల్గొన్నవాళ్లకు చేరాలి. వాళ్లు తప్పని చూపిన చోట్ల దిద్దడానికి థీసిస్ గడువుకు ముందు కనీసం నెల రోజులు ఉంచుకోండి.