చొక్కా వయసు ఎన్ని ఉతుకులు?

మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రవాడు ఒకరోజు భోజనాల వేళ తన లేత నీలం చొక్కా కాలరును వేలితో పైకెత్తి చూపించి, "సార్, 2,200 పెట్టి కొన్నాను, 14 నెలలకే ఇలా అయింది, చూడండి" అని వాపోయాడు. మెడ వెనక కాలరు మడత పడే గీత వెంట పోగులు తెగిపోయి, కాలరు బిరుసుగా నిలవడానికి లోపల వేసే తెల్లని బక్రం గుడ్డ బయటికి కనబడుతోంది. మిగతా చొక్కాకు మాత్రం ఎక్కడా వంక పెట్టడానికి లేదు. దుకాణం వాళ్లు నాసిరకం గుడ్డ అంటగట్టారని అతని అనుమానం. నేను ఆ మాటకు అవుననీ కాదనీ అనకుండా, "ఆఫీసుకు వేసుకొచ్చే చొక్కాలు నీకు మొత్తం ఎన్ని బాబూ?" అని అడిగాను. నాలుగే అన్నాడు.

ఇద్దరం కలిసి చీటీ మీద లెక్క వేశాం. 14 నెలల్లో సెలవులు, ఆదివారాలు పోగా అతను ఆఫీసుకు వచ్చిన రోజులు సుమారు 280. నాలుగు చొక్కాలకు పంచితే ఒక్కొక్కటి 70 సార్లు ఒంటిమీదికి ఎక్కింది. బెజవాడ ఉక్కపోతలో ఒకసారి వేసుకున్న చొక్కాను ఉతక్కుండా రెండోసారి వేసుకోవడం కుదరదు కనుక, 70 సార్లు వేసుకున్నదంటే 70 సార్లు ఉతికినదనే అర్థం. నా సంగతి చూస్తే, నా బీరువాలో ఆఫీసు చొక్కాలు పన్నెండు ఉన్నాయి. ఐదేళ్లుగా చెడకుండా ఉన్నాయని నేను నలుగురిలో చెప్పుకునే చొక్కాలు అవే. ఐదేళ్లకు 1,200 పనిదినాలు అనుకుని పన్నెండుతో భాగిస్తే ఒక్కోదానికి 100 ఉతుకులు వచ్చాయి. ఐదేళ్లకూ 14 నెలలకూ మధ్య నాలుగు రెట్లకు పైగా తేడా ఉన్నట్టు తోస్తుంది గాని, ఉతుకుల్లో కొలిస్తే నా చొక్కా అతని చొక్కా కంటే 30 ఉతుకులు మాత్రమే ఎక్కువ బతికింది. అతనికి దక్కిన ఓదార్పు కంటే నాకు కలిగిన గర్వభంగమే పెద్దదని ఒప్పుకోవాలి.

"మంచి చొక్కా ఎన్నేళ్లు రావాలి" అన్న ప్రశ్నే సరైనది కాదని నాకు ఆ చీటీ చూశాకే తెలిసింది. అమెరికాలో లాండ్రీ వ్యాపారుల సంఘం చాలాకాలంగా చెబుతూ వచ్చిన లెక్కలో చొక్కా ఆయుష్షు 35 నుంచి 50 ఉతుకులు. అక్కడి లాండ్రీలో తడి చొక్కాను వేడి పలకల మధ్య పెట్టి నొక్కే యంత్రాలు ఉంటాయి కాబట్టి ఆ లెక్క అంత తక్కువగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. ఇంట్లో ఉతికి ఆరేసుకునే మనబోటి వాళ్లకు నూలు చొక్కా 70 ఉతుకులు వస్తే న్యాయంగా వచ్చినట్టు, 100 వస్తే బాగా వచ్చినట్టు అని నా అభిప్రాయం. 40 ఉతుకుల లోపే పోయిందంటే అప్పుడు దుకాణాన్ని అనుమానించవచ్చు.

అయితే ఆ 30 ఉతుకుల తేడా ఎక్కడినుంచి వచ్చింది? చొక్కా ఒక్కసారిగా చావదు, ఎప్పుడూ ఒకచోట మొదలవుతుంది. పదింట తొమ్మిదిసార్లు ఆ చోటు కాలరు మడతే. మెడకు అంటిన చెమట, జిడ్డు, ధూళి అక్కడే చేరతాయి, గడ్డం గీసుకున్న మర్నాటి మొలకలు గరుకు కాగితంలా రోజంతా అక్కడే రాస్తాయి. వీటన్నిటికంటే పెద్ద శత్రువు మన చేతిలోని బ్రష్షు. కాలరు మీది నల్లటి చార వదలడం లేదని బండమీద వేసి సబ్బు పట్టించి బరబరా తోమే ప్రతిసారీ మురికితోపాటు కొంత నూలు కూడా పోతుంది. ఆ కుర్రవాడిని అడిగితే, మిషన్‌లో వేసే ముందు ప్రతి కాలరునూ గట్టి బ్రష్షుతో తోముతానని, అదే శుభ్రమని వాళ్లమ్మగారు నేర్పారని చెప్పాడు. కాలరును సబ్బు నీళ్లలో అరగంట నానబెట్టి, వేళ్లతో రెండుసార్లు నులిమితే పోని మురికి చాలా తక్కువ. ఆ మాత్రం చార మిగిలినా ఎదుటివాడికి కనబడేది కాదు.

బోరు నీళ్ల ఊళ్లలో ఈ కష్టం రెట్టింపవుతుంది. ఆ నీళ్లలోని సున్నపు లవణాలు సబ్బుతో కలిసి కరగని మడ్డిగా మారి పోగుల మధ్య పేరుకుంటాయి. తెల్ల చొక్కా బూడిద రంగుకు తిరుగుతుంది, గుడ్డ గరుకెక్కుతుంది. అది మురికి అనుకుని మనం ఇంకా గట్టిగా తోముతాం, లేకపోతే బ్లీచింగ్ నీళ్లలో ముంచుతాం. క్లోరిన్ తగిలిన నూలు పైకి తెల్లబడినా లోపల బలహీనపడుతుంది. గంజి సంగతీ ఇంతే. పలచగా పెడితే ఫరవాలేదు గాని, చిక్కటి గంజి పెట్టి కాలరు మడతమీద కత్తి అంచులా ఇస్త్రీ నొక్కితే, బిరుసెక్కిన పోగు ఆ మడత దగ్గరే విరుగుతుంది. ఇస్త్రీ బండి వాళ్లకు నేను చెప్పే మాట ఒకటే: కాలరును పరిచి ఇస్త్రీ చేయండి, మడత మీద మాత్రం పెట్టె ఆనించకండి. విన్నట్టు తల ఊపుతారు గాని, పది చొక్కాల్లో మూడింటికి ఆ మాట మరచిపోతారు.

గుడ్డను బట్టి కూడా తేడా ఉంటుంది. దుకాణాల్లో 100 కౌంటు, 120 కౌంటు అని గొప్పగా చెబుతారు. ఒక పౌండు బరువు నూలులో 840 గజాల చిలపలు, అంటే దారపు చుట్టలు, ఎన్ని వస్తాయో అదే కౌంటు కాబట్టి, కౌంటు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది, గుడ్డ మెత్తగా, నిగనిగలాడుతూ ఉంటుంది, కాని రాపిడికి తట్టుకునే సత్తువ పెరగదు. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి వడికే 100 కౌంటు ఖాదీని చూసినవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. దాన్ని ఎవరూ బండకేసి బాదరు. కౌంటు కంటే ముందు చూడవలసింది పింజ పొడవు, అంటే పత్తిలోని ఒక్కో పీచు పొడవు. మన గుంటూరు, ఆదిలాబాద్ మార్కెట్లకు వచ్చే పత్తి పింజ 28 నుంచి 30 మిల్లీమీటర్ల దాకా ఉంటే, 1974లో కోయంబత్తూరులో విడుదలైన సువిన్ రకం పింజ 38 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. పింజ పొడవైతే దారంలో కొసలు తక్కువ, కొసలు తక్కువైతే నూగు లేవడమూ తక్కువే. రెండు పోగులు పేనిన దారం అయితే మరీ మంచిది. రోజూ ఆఫీసుకు వేసుకునే మనిషి 50, 60 కౌంటు గుడ్డ దగ్గర ఆగిపోవడం మేలని నేను అనుకుంటాను.

ఇస్త్రీ అక్కర్లేదని అమ్మే నూలు చొక్కాల గురించి ఒక హెచ్చరిక. నలగకుండా ఉండటానికి ఆ గుడ్డకు రెజిన్ అనే రసాయనం పట్టిస్తారు. అది నూలులోని అణువులను ఒకదానికొకటి కట్టేస్తుంది కాబట్టి గుడ్డ ముడతలు పడదు. సాగే గుణం పోయిన పోగు మాత్రం రాపిడికి త్వరగా తెగుతుంది. ఆ కుర్రవాడి చొక్కా సరిగ్గా ఈ రకమే. ఇస్త్రీకి పెట్టే డబ్బు మిగులుతుంది కాబట్టి అది నష్టబేరం అని కూడా అనలేను.

ఇక చిరగనే చిరగని చొక్కాలు కావాలంటే, 1941లో ఇంగ్లాండులో ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు కనిపెట్టిన టెరిలిన్ అనే పాలియెస్టర్ ఉండనే ఉంది. మా నాన్నగారికి ఒక టెరిలిన్ చొక్కా ఉండేది. ఆయన పదవీ విరమణ చేసినా అది చేయలేదు. ఎండాకాలం అది వేసుకుని బడికి వెళ్లి వచ్చిన సాయంత్రం ఆయన వీపు నిండా పేలిన చెమటకాయలు నాకు ఇప్పటికీ గుర్తే. మన్నిక ఒక్కటే కొలబద్ద అయితే మనమంతా గోనెసంచులు కట్టుకోవాలి.

కాలరే ముందు పోతుందన్న సంగతి కొత్తది కాదు. 1827లో అమెరికాలోని ట్రాయ్ పట్టణంలో హన్నా మాంటెగ్యూ అనే గృహిణి, భర్త చొక్కాలో మురికయ్యేది కాలరు మాత్రమే అయినప్పుడు చొక్కా అంతా ఎందుకు ఉతకాలని కాలరును కత్తిరించి, విడిగా ఉతికి, మళ్లీ తగిలించుకునే ఏర్పాటు చేసిందని, దానిమీద ఒక పెద్ద పరిశ్రమే లేచి ఆ ఊరికి కాలర్ల నగరమని పేరు వచ్చిందని చెబుతారు. మన ఊళ్లలో ఈ పనికి టైలర్లు ఉండేవారు. కాలరు పట్టీ దగ్గర కుట్టు విప్పి, కాలరును తిరగేసి, అడుగు భాగం పైకి వచ్చేలా మళ్లీ కుట్టేవారు. అరగంట పని. చొక్కాకు ఇంకో 30, 40 ఉతుకుల ఆయుష్షు వచ్చేది. మా నాన్నగారి చొక్కాల్లో కాలరు తిప్పనిది ఒక్కటీ ఉండేది కాదు, అందులో నామోషీ ఉందని కూడా ఎవరూ అనుకునేవారు కాదు. కాలరు లోపల చాకలి నల్లజీడి రసంతో పెట్టిన గుర్తు, తిప్పిన తర్వాత కూడా పట్టీమీద అలాగే ఉండేది. అది ఏ సబ్బుకూ పోదు. ఆ గుర్తును తలచుకునే ఇప్పుడు నేను ప్రతి కొత్త చొక్కా కింది అంచు లోపల కొన్న నెల, సంవత్సరం పెన్నుతో రాసుకుంటున్నాను.

ఆ కుర్రవాణ్ణి నేను నా టైలరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కాలరును వెలుతురుకు పట్టి చూసి, ఇది తిప్పడానికి కుదరదన్నాడు. అడుగు పొరలో, కాలరు కొనలు నిటారుగా ఉండటానికి ప్లాస్టిక్ పుల్లలు దూర్చే సందులు ఉన్నాయి, తిరగేస్తే అవి పైకి వస్తాయి. చొక్కా కింది అంచు నుంచి గుడ్డ తీసి కొత్త కాలరు వేస్తానన్నాడు గాని, ప్యాంటులోకి దోపుకునే భాగానికి ఎండ తగలదు కదా, అక్కడి నీలం కొన్ననాటి నీలంలా చిక్కగా ఉంది. పై చొక్కా అంతా వెలిసిపోయింది. రెండు నీలాలనూ పక్కపక్కన పెట్టి చూసుకుని, చివరికి తెల్ల కాలరు వేయించుకోవడానికి అతను ఒప్పుకున్నాడు. కుట్టుకూలి, గుడ్డ కలిపి 150 రూపాయలు అయింది. పుల్లల సందులు లేకుండా కుట్టమని, ఈసారి కాలరు రెండువైపులా తిప్పడానికి పనికొచ్చేలా చూడమని టైలరుకు అతనే చెప్పాడు.